మనకేమైతడు?

మా అమ్మకు నా ఫోటోల మీద ఒకటే ప్రశ్న. ప్రింటు చేతికిస్తే వాకిట్లో వెలుతురులోకి తీసుకెళ్లి, కళ్లకు ఆనించినంత దగ్గరగా పెట్టుకుని చూసి, "ఎవరు బిడ్డా ఈయన? మనకేమైతడు?" అనేది. ఏమీ కాడమ్మా, చౌరస్తాలో కనబడితే తీసిన అంటే నమ్మేది కాదు. ఏమీ కాని మనిషి మీద రీలు ఖర్చు పెట్టే పిచ్చోడు తన కడుపున పుట్టాడని ఒప్పుకోవడం ఏ తల్లికైనా కష్టమే.

రీలంటే అప్పట్లో మాటలు కాదు. మా మేనమామ కాజీపేటలో రైల్వే ఉద్యోగి. ఆయన దగ్గర ఆగ్ఫా క్లిక్ త్రీ ఉండేది. బరోడాలో తయారైన కెమెరా. 120 సైజు రీలు వేస్తే నలుచదరంగా 12 ఫోటోలు, అంతే. వెనకాల చిన్న ఎర్ర కిటికీ, అందులో నంబరు కనబడేదాకా రీలు తిప్పుకోవాలి. మనం చేయగలిగింది పెద్దగా ఏమీ లేదు. ఎండ బాగా ఉండాలి, మనిషి కాస్త దూరంగా ఉండాలి, చేయి కదలకూడదు. 1971 ఎండాకాలం సెలవుల్లో మామ దాన్ని నా చేతిలో పెట్టి "ఇంట్లోవాళ్లందర్ని తియ్యిరా" అన్నాడు. పద్నాలుగేళ్లవాణ్ణి. ఇంట్లోవాళ్లకు మూడు పోయాయి. మిగతా తొమ్మిదీ మిల్లు గేటు దగ్గర అయిపోయాయి.

మిల్లంటే వరంగల్ ఆజంజాహీ బట్టల మిల్లు. 1934లో, నిజాం కాలంలో మొదలైంది. మా నాయన అందులో గుమాస్తా. మా దిక్కు గడియారం లేని ఇళ్లకు కూడా మిల్లు సైరన్ ఉండేది. అన్నం పొయ్యి మీద పెట్టడం, పిల్లల్ని బడికి తరమడం అన్నీ దాని లెక్కే. షిఫ్టు మారేటప్పుడు గేటు తీస్తే సైకిళ్లు, సైకిళ్ల వెనక సైకిళ్లు, హ్యాండిళ్లకు ఊగే టిఫిన్ డబ్బాలు. అందరి తలలూ తెల్లగా ఉండేవి. ముసలివాళ్లనుకుంటాం, దగ్గరికొచ్చాక చూస్తే పాతికేళ్ల పిల్లలు. జుట్టు మీద దూది.

ఆ తొమ్మిదిలో ఎనిమిది పాడయ్యాయి. ఒక్కటి మిగిలింది. ఒకాయన సైకిలు ఆపి, ఒక కాలు నేలకు ఆనించి, రెండు చేతులూ దోసిలి చేసి బీడీ ముట్టించుకుంటున్నాడు. ఆయన వెనక గుంపంతా చెరిపేసినట్టు చారలు చారలుగా ఉంది, ఆయనొక్కడే చెక్కినట్టు ఉన్నాడు. చాలాకాలం అది నా ప్రతిభ అనుకున్నాను. ఆ డబ్బా కెమెరా షట్టరు నెమ్మది కాబట్టి కదిలేవాళ్లు చెదిరిపోయారని, నిలబడినవాడు నిలిచాడని తర్వాత అర్థమైంది.

రీలు కడిగిన స్టూడియో ఆయన నెగెటివ్ లైటుకు పెట్టి చూసి, "ఇంతమందిల ఒక్కడు గూడ నీ దిక్కు జూస్తలేడు. గీటికి పైసలెవలిస్తరు?" అని నిట్టూర్చాడు. మంచి మనిషి. ఆ సెలవులంతా నన్ను డార్క్‌రూములోకి రానిచ్చాడు. ఎర్రలైటు కింద తెల్ల కాగితం మీద బొమ్మ మెల్లగా తేలడం గురించి రాయనివాళ్లు లేరు కాబట్టి నేను రాయను. నాకు గట్టిగా గుర్తున్నది వాసన. హైపో, అసెటిక్ యాసిడ్ కలిసిన ఆ పులుపు వాసనకు మా చెల్లెలు నన్ను అన్నం దగ్గర పక్కన కూర్చోనిచ్చేది కాదు.

1974లో వరంగల్ ఇంజినీరింగ్ కాలేజీ ఆర్‌ఈసీలో సీటొచ్చింది. ఇప్పుడు ఎన్‌ఐటీ అంటున్నారు, మా నోటికి ఆర్‌ఈసీయే. ఎలక్ట్రికల్. అప్పటికి మామ కెమెరా నా దగ్గరే స్థిరపడిపోయింది, ఆయన అడగడం మానేశాడు. ఇంకో అలవాటు కూడా మొదలైంది. కాలేజీలో ల్యాబ్ రికార్డు రాసి రాసి, ఫోటోలకు కూడా ఒక నోటుబుక్కు పెట్టాను. తేదీ, చోటు, ఎండా మబ్బా, ఏ రీలు. ఫిల్మ్ నలుపు తెలుపు కాబట్టి అది పట్టలేని రంగులు కూడా రాసుకునేవాణ్ణి. నవ్వుతారేమో గానీ, ఈ కథలో ఆ నోటుబుక్కుకు పనుంది.

1976 దసరా సెలవులు. బతుకమ్మల సీజను, సీతాఫలాల సీజను కూడా. వరంగల్ చౌరస్తాలో పల్లెటూళ్ల నుంచి ఆడవాళ్లు గంపలు తెచ్చి వరసగా కూర్చునేవాళ్లు. ఒకావిడ ముప్పై అయిదేళ్లుంటాయేమో, నుదుటి నిండా బొట్టు, ముక్కుపుల్ల, చేతులకు కడియాలు. పండిన కాయను బొటనవేలితో రెండుగా విప్పి చెయ్యి చాపి చూపిస్తోంది. నేను కెమెరా పొట్ట దగ్గర పెట్టుకుని నిలబడ్డాను.

"నన్నేం దీస్తవ్ బిడ్డా, పండ్లు దియ్యి" అంది.

నవ్వుతూనే అంది. ఆ నవ్వు సగం ఉండగా నొక్కాను. అర్ధ రూపాయి పండ్లు కొన్నాను కూడా, మొహమాటానికి. నోటుబుక్కులో రాసుకున్నాను: "సీతాఫలాల ఆమె. చౌరస్తా. పది గంటల ఎండ. చీర నేరేడు పండు రంగు, పసుపు అంచు."

ప్రింటు ఇంటికి తెచ్చిన రోజు అమ్మ మామూలు ప్రశ్న అడగలేదు. వాకిట్లో చాలాసేపు నిలబడి చూసింది. "కొంచెం మా అక్క లెక్కనే ఉన్నది" అంది. మా పెద్దమ్మ నేను పుట్టకముందే తొలి కాన్పులో పోయింది. ఆమెకు ఫోటో లేదు. ఆ రోజుల్లో పల్లెటూళ్లో ఎంతమందికి ఉండేది కనుక. పుట్టిన పిల్లవాడు బతికాడు, కరీంనగర్ దగ్గర వాళ్ల నాయనమ్మ పెంచింది. నాకంటే నాలుగేళ్లు పెద్ద. ఆ ప్రింటు అమ్మ తన ట్రంకు పెట్టెలో పెట్టుకుంది. నేను మళ్లీ అడగలేదు. మరుసటి దసరాకు ఇంకో కాపీ చేయించి సీతాఫలాల ఆమెకిద్దామని చౌరస్తాకు పోయాను. వేరేవాళ్లు కూర్చున్నారు. పండ్లకు సీజనున్నట్టే అమ్మేవాళ్లకూ ఉంటుంది, ఈ ఏడు వచ్చినవాళ్లు మళ్లేడు వస్తారని లేదు.

1980లో కరెంటాఫీసులో ఏఈగా, అంటే అసిస్టెంట్ ఇంజినీరుగా చేరాను. నాలుగేళ్లు పల్లెటూళ్ల సెక్షన్లు తిరిగి, 84లో హైదరాబాదు. నా ఉద్యోగం గురించి ఒకటే చెప్పాలి. వీధిలో మిగతావాళ్లు ఎదురుగా చూస్తూ నడుస్తారు, మేం పైకి చూస్తూ నడుస్తాం. తీగలు, జంపర్లు, వంగిన స్తంభాలు, స్తంభానికి అల్లుకున్న తీగ చెట్లు. వీధి ఫోటోలు తీసేవాళ్లంతా తీగల్ని తిట్టుకుంటారు, ఆకాశాన్ని గీకేశాయని. నా ఫోటోల్లో తీగలు తప్పకుండా ఉంటాయి. తీసేస్తే వీధి బట్టలిప్పినట్టు ఉంటుంది నా కంటికి. లాడ్ బజార్లో నేను 86లో తీసిన ఫోటో చూస్తే స్తంభం మీద తీగలు ఒకదాని కింద ఒకటి విడివిడిగా, పంచాంగం గీతల్లా ఉంటాయి. తర్వాతి ఫోటోల్లో అవన్నీ ఒక్క నల్ల కేబులు అయిపోయాయి. తేదీ రాయని నెగెటివు దొరికితే నేను మనుషుల బట్టలు చూడను, స్తంభం చూస్తాను.

దీపాలు కూడా అంతే. పాత మెర్క్యురీ దీపం నీలంగా, చచ్చిన చేప పొట్టలా ఉండే వెలుతురు. తర్వాత సోడియం దీపాలు, నారింజ రంగు. ఇప్పుడు ఎల్ఈడీ, తెల్లగా, ఆసుపత్రి లెక్క. ఉద్యోగరీత్యా ఎల్ఈడీని పొగడాలి, కరెంటు చాలా తక్కువ తింటుంది. ఫోటో తీసేవాడిగా మాత్రం సోడియం దీపం పోయిందని ఇప్పటికీ బెంగ. ఆ దీపం కింద పాతబస్తీ గల్లీ రాత్రి పదకొండింటికి ఎట్లా ఉండేదో అనుభవించినవాళ్లకే తెలుసు. ఇరానీ హోటల్ షట్టరు సగం దించి ఉంటుంది, లోపల పాలరాతి బల్లలు కడుగుతుంటారు, బయట రిక్షా సీటు మీద కాళ్లు ముడుచుకుని ఒకాయన ఆఖరి చాయ్ తాగుతుంటాడు. అన్నీ ఒకే రంగు.

సొంత కెమెరా 85లో వచ్చింది. గల్ఫ్ నుంచి వచ్చిన పొరుగాయన దగ్గర సెకండ్‌హ్యాండ్ పెంటాక్స్ కె1000 కొన్నాను, మూడు నెలల వాయిదాల మీద. ఇంజినీరుకు నచ్చే వస్తువు అది. అంతా గేర్లూ స్ప్రింగులే, బ్యాటరీ ఒక్క లైట్ మీటరుకే. బ్యాటరీ అయిపోతే మీటరు చచ్చిపోతుంది గానీ కెమెరా చావదు. మీటరు లేకపోతే లెక్క ఉంది కదా. నిండు ఎండలో లెన్సు రంధ్రం ఎఫ్16, షట్టరు ఫిల్మ్ స్పీడుకు సమానం. 125 ఏఎస్ఏ ఫిల్మ్ అయితే సెకనులో 125వ వంతు. మబ్బుకు రెండు మెట్లు తెరువు, నీడకు మూడు. మండుటెండ దేశంలో పుట్టాం, ఏడాదిలో ఎనిమిది నెలలు అదే లెక్క నడుస్తుంది. దాని షట్టరు చప్పుడు మాత్రం గట్టిది. ఒక్క ఫోటోకే గల్లీ అంతా తిరిగి చూసేది. అందుకే నాకు రెండో ఫోటో అలవాటు కాలేదు.

ఫిల్మ్ తూర్పు జర్మనీ ఓర్వో, లేదంటే ఊటీలో తయారయ్యే మన ఇందు. వంద అడుగుల డబ్బా కొని, చీకట్లో కత్తిరించి పాత రీళ్లలో చుట్టుకునేవాణ్ణి. డబ్బాకు 36 ఫోటోల రీళ్లు పద్దెనిమిది దాకా వస్తాయి. రీలు కడిగే మందు, డెవలపరు కూడా ఇంట్లోనే. డీ-76 లెక్క ఇప్పటికీ నోటికి వస్తుంది: లీటరుకు మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100, హైడ్రోక్వినోన్ 5, బోరాక్స్ 2. మెటాల్ ముందు కలపాలి, సల్ఫైట్ ముందు వేస్తే అది కరగనని మొండికేస్తుంది. డెవలపరు 20 డిగ్రీలుండాలి. మే నెలలో హైదరాబాదు నల్లా నీళ్లు ఎంత వేడిగా ఉంటాయో చెప్పనక్కర్లేదు. చెరుకురసం బండి దగ్గర ఐసు ముక్క కొనుక్కుని రుమాల్లో కట్టుకొచ్చేవాణ్ణి.

ఇక ప్రింట్లు. డార్క్‌రూమంటే మా బాత్రూమే, కిటికీకి నల్లగుడ్డ. ఇక్కడ నా ఉద్యోగానికీ నా పిచ్చికీ గొడవ. వోల్టేజీ పది శాతం పడితే మామూలు బల్బు వెలుతురు పడేది పది శాతం కాదు, దాదాపు ముప్పై శాతం. సాయంత్రం ఏడింటికి ఊరంతా లైట్లు వేసుకునే వేళ బొమ్మను పెద్దది చేసే ఎన్‌లార్జరు బల్బు కింద పన్నెండు సెకన్లు పెట్టిన కాగితం వెలిసిపోయినట్టు వచ్చేది. అదే రాత్రి పన్నెండు తర్వాత నల్లగా మాడేది. కాబట్టి లోడు పడిపోయాక, రాత్రి పదకొండు దాటాకే పని. మధ్యలో కరెంటు పోతే మా ఆవిడ తలుపు బయట నుంచి, "ఏఈ గారూ, ఎవరికి ఫోన్ చెయ్యాలి?" అని అడిగేది. నేను చీకట్లో తడి చేతులతో నిలబడి నన్ను నేనే తిట్టుకునేవాణ్ణి.

వర్షాకాలం లెన్సుకు బూజు పడుతుంది. ట్రాన్స్‌ఫార్మర్‌కు గాలి పీల్చుకునే బ్రీదర్ ఉంటుంది, అందులో సిలికా జెల్. పొడిగా ఉంటే నీలం, తేమ పీలిస్తే గులాబీ రంగు. మార్చేసిన గులాబీ గింజలు గుప్పెడు తెచ్చుకుని మూకుట్లో వేయిస్తే మళ్లీ నీలం తిరుగుతాయి. కెమెరా పెట్టెలో అవే. ఆ మూకుడు వంటకు వాడొద్దని చెప్పి గోడకు విడిగా మేకు కొట్టి తగిలించాను. మా ఆవిడ దానికి బొట్టు ఒక్కటే పెట్టలేదు.

నన్ను చూసి జనం భయపడింది కెమెరా వల్ల కాదు, కరెంటాయన అవడం వల్ల. ఒక ఆదివారం మూసీ ఒడ్డున ఒక బస్తీలోకి నడిచాను. నేను గల్లీ మొదట్లో ఉండగానే ఎవరో పిల్లవాడు గుర్తుపట్టి "కరెంటాయన వచ్చిండు!" అని కేకేశాడు. నిమిషంలో గల్లీ అంతా కదలిక. దొంగ కరెంటు కొండీలు దిగుతున్నాయి. ఒక తాత పొడుగాటి వెదురు కర్రతో తీగ మీది కొండీ తీస్తూ నాకు ఎదురుపడ్డాడు. కర్ర కొసన కొండీ ఊగుతోంది, అచ్చం గాలానికి చేప పడ్డట్టు. తాత ముఖంలో పట్టుబడ్డ భయం లేదు, చేపలు పట్టేటప్పుడు పలకరిస్తే వచ్చే విసుగుంది. నొక్కేశాను.

"ఇయ్యాల ఐతారం తాతా, డ్యూటీ లేదు" అన్నాను.

"మరి గా డబ్బేంది?"

"నా సొంతం."

"ఎవలికి జూపిస్తవ్?"

"ఎవరికీ చూపియ్య."

నాకు తెలిసి నేను తీసిన వాటిలో మొదటి అయిదింటిలో ఉంటుంది అది. ఇవాళ్టిదాకా ఎవరికీ చూపలేదు. ఇట్లా మాటల్లో చెప్పడం చూపడం కిందికి రాదనే అనుకుంటున్నాను.

పండగలు మాకు సెలవులు కావు. వినాయక నిమజ్జనం రోజు బాలాపూర్ నుంచి చార్మినార్, మొజంజాహీ మార్కెట్ మీదుగా ట్యాంక్‌బండ్ దాకా దారంతా మా వాళ్లు ఉండాలి. విగ్రహాల ఎత్తు ఏటేటా పెరుగుతుంది, మా తీగల ఎత్తు పెరగదు. లైన్‌మ్యాన్లు కర్రలతో అడ్డమొచ్చిన తీగలు ఎత్తి పట్టుకుంటే కిందనుంచి దేవుడు తల వంచకుండా పోతాడు. ఆ రోజుల ఫోటోల్లో నా దగ్గర విగ్రహాలు తక్కువ, కర్రలు పట్టుకుని పైకి చూస్తున్న ముఖాలు ఎక్కువ. సోడియం దీపాల కింద ఎరుపేదో ఆకుపచ్చేదో తేడా తెలియదు, గులాలు పూసుకున్నవాడూ బురదలో పడ్డవాడూ ఒకటే.

మొహర్రం పదో రోజు బీబీ కా ఆలం ఊరేగింపు కూడా అంతే. దబీర్‌పురాలో బయల్దేరి చాదర్‌ఘాట్ దాకా పోతుంది. ఆలం, అంటే పీరు, ఏనుగు మీద వస్తుంది కాబట్టి తీగల సంగతి ముందే చూసుకోవాలి. ఒక ఏడాది పని అంతా సవ్యంగా అయింది, నేను దారి పొడుగునా తీశాను. ఏనుగు కళ్లు, బాల్కనీల్లోంచి వంగిన ఆడవాళ్లు, ఒక పిల్లవాడి భుజం మీద ఇంకో పిల్లవాడు. 36 దాటింది. 38 దాటింది. కౌంటరు ఆగడం లేదు. అప్పుడు పొట్టలో రాయి పడ్డట్టయింది. రీలు పళ్లకు పట్టుకోలేదు, డబ్బాలోంచి అంగుళం కూడా కదల్లేదు. మీట తిప్పినప్పుడల్లా ఎడమ పక్క రివైండ్ పిడి తిరుగుతోందా లేదా చూసుకోమని పదిమందికి చెప్పినవాణ్ణి నేను. ఇప్పటికీ కళ్లు మూసుకుంటే ఆ 38 ఫోటోలూ కనబడతాయి. తీసినవాటిలో చాలా మర్చిపోయాను, అవి మర్చిపోలేదు.

ఈ ఊళ్లో కెమెరా పట్టిన ఇంజినీర్లలో నేను మొదటివాణ్ణి కాదని ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం కొన్న ఒక పాత పత్రికలో చదివాను. రాజా దీన్ దయాళ్ రూర్కీలో సివిల్ ఇంజినీరింగ్ చదివి ఇండోర్ పీడబ్ల్యూడీలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసిన మనిషి. తర్వాతే కెమెరా, తర్వాతే ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థానం, సికింద్రాబాదులో స్టూడియో. ఆయన భవనాల ఫోటోలు చూస్తే తెలిసిపోతుంది, గీతలు వంగవు. రఘు రాయ్ కూడా సివిల్ ఇంజినీరే, 1965లో ఆ దారి వదిలి ఫోటోలకు వచ్చాడు. ఇద్దరూ సివిల్. ఎలక్ట్రికల్ వాళ్ల పరువు నిలబెట్టే బాధ్యత నా మీద ఉందని కొన్నాళ్లు అనుకున్నాను. ఇద్దరిలో ఒక పోలిక నన్ను బాధ పెట్టేది. వాళ్లు ఉద్యోగం మానేశారు. నాకు ధైర్యం చాలలేదు. ఇద్దరు ఆడపిల్లలు, ఇంటి అప్పు. అయినా ఇప్పుడు ఆలోచిస్తే, ఉద్యోగం మానేస్తే నన్ను ఆ గల్లీల్లోకి పంపించేవాళ్లెవరు?

తీయనివి కూడా ఉన్నాయి. నిద్రపోయేవాళ్లను, అన్నం తినేవాళ్లను, ఏడ్చేవాళ్లను తీయకూడదని ఎవరూ చెప్పకుండానే కుదిరిన నియమం. ఒకసారి ఒక స్తంభం కింద మా లైన్‌మ్యాన్‌ను దించి పడుకోబెట్టారు. నేను చేరేసరికి అయిపోయింది. అతని చెప్పులు ఒక పక్కన జతగా విప్పి ఉన్నాయి, పైకెక్కే ముందు విప్పినట్టే. భుజానికి కెమెరా ఉందని నాకు ఇంటికొచ్చాకే గుర్తొచ్చింది.

88లో కరీంనగర్ అన్న ఇల్లు కట్టుకున్నాడు. పెద్దమ్మ కొడుకు. గృహప్రవేశానికి నేనూ అమ్మా పోయాం. హాల్లో గోడ మీద దండ వేసిన పెద్ద ఫోటో. గడపలోనే ఆగిపోయాను. సీతాఫలాల ఆమె. ఎవరో స్టూడియో వాళ్లు నా ప్రింటును కాపీ తీసి పెద్దది చేసి, బ్రష్షుతో గంప చెరిపేశారు, చాచిన చెయ్యి చెరిపేశారు, ముఖం మీద పదేళ్లు చెరిపేశారు. బొట్టు కొంచెం పెద్దది చేశారు. ఆ సగం నవ్వు మాత్రం ముట్టుకోలేదు. అన్న నన్ను దగ్గరికి తీసుకెళ్లి, "మా అమ్మ. పిన్ని దగ్గర ఒక్కటే ఉండెనట తమ్మీ, నాకిచ్చింది" అన్నాడు. నేను అమ్మ వైపు చూశాను. అమ్మ నా వైపు చూడలేదు, ముగ్గు తొక్కొద్దని ఎవరో పిల్లల్ని గదమాయిస్తోంది.

తిరుగు బస్సులో హుజూరాబాదు దాటేదాకా ఇద్దరం మాట్లాడలేదు. తర్వాత తనే అంది.

"మా అక్క మొకం నాకే మర్సిపోతున్నది. వాడేమో పుట్టిననాటి నుంచి అడుగుతనే ఉన్నడు. ఏం జెయ్యమంటవ్?"

నేనేం చెయ్యమనలేదు. ఆ తర్వాత నా ఫోటోలు చూసి అమ్మ మళ్లీ ఎప్పుడూ మనకేమైతడని అడగలేదు. 2009లో పోయేదాకా.

డిజిటల్ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. వచ్చింది, అందరితోపాటు నేనూ మారాను. రీలు ఖర్చు పోయింది, దాంతో నా రెండో ఫోటో భయమూ పోయింది. పదేసి ఫోటోలు తీయడం మొదలుపెట్టాను, బాగున్నది మాత్రం ఆ పదిలో మొదటిదే అవుతుంది ఎప్పుడూ. ఒక హార్డ్ డిస్కు పాడై రెండేళ్ల ఫోటోలు ఒక్క సాయంత్రంలో పోయాయి. 1971 నాటి మిల్లు నెగెటివు మాత్రం బటర్ పేపర్లో చుట్టి ఉంది, ఇప్పటికీ లైటుకు పెడితే ఆయన బీడీ ముట్టించుకుంటూనే ఉన్నాడు. మిల్లు లేదు. మా నాయన లేడు. ఆయన తలకు కూడా దూది ఉండేదా, గుమాస్తాలకు ఉండదా అన్నది నాకిప్పుడు గుర్తు రావడం లేదు, అడుగుదామంటే ఎవరూ లేరు.

2015లో రిటైరయ్యాను. మోకాళ్లు ఒప్పుకున్నంత వరకు ఆదివారం పొద్దున్నే పోతాను. మోండా మార్కెట్, బేగంబజార్, చార్మినార్ దగ్గర. ఇప్పుడు వీధిలో కెమెరా పట్టుకున్న ముసలాణ్ణి ఎవరూ పట్టించుకోరు, ఎందుకంటే అందరి చేతుల్లోనూ ఉంది. వాళ్ల ముఖాలు వాళ్లే తీసుకుంటున్నారు. నేను వాళ్లను తీస్తున్నానని తెలిస్తే జుట్టు సర్దుకుంటారు. ఒకప్పుడు తిట్టేవాళ్లు. తిట్టడమే మేలనిపిస్తుంది, తిట్టేముందు ఒక క్షణం ముఖం ముఖంగా ఉండేది.

కరీంనగర్ అన్న పోయి రెండేళ్లు. ఆయనుండగా ఇది రాసేవాణ్ణి కాదు. మొన్న సంవత్సరీకం రోజు ఆయన మనవరాలు డల్లాస్ నుంచి మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో రెండు ఫోటోలు పెట్టింది. ఒకటి తాతది, ఇంకోటి తాత వాళ్లమ్మది. రెండోదాన్ని ఏదో యాప్‌లో వేసి రంగులద్దింది. సీతాఫలాల ఆమె చిలకపచ్చ చీర కట్టుకుని, ఎర్రటి పెదాలతో, అదే సగం నవ్వుతో నన్ను చూస్తోంది. కింద వరసగా దండాలు. వరంగల్ నుంచి, నిజామాబాద్ నుంచి, మెల్‌బోర్న్ నుంచి. "తాత ముక్కు అచ్చం ఈమెదే" అని మా మేనకోడలు రాసింది. "కళ్లు కూడా" అని ఇంకొకరు.

నేను పాత నోటుబుక్కు తీశాను. పేజీ పసుపుపచ్చగా అయింది గానీ పెన్సిలు గీత చెదరలేదు. చాలాసేపు ఫోను చేతిలో పట్టుకుని కూర్చున్నాను. పెద్ద సందేశమొకటి టైపు చేసి చెరిపేశాను. చివరికి ఒక్క ముక్కే పంపాను: "చీర పచ్చ కాదమ్మా, నేరేడు పండు రంగు. పసుపు అంచు."

ఆ పిల్లకు తెలుగు చదవడం రాదు. వాళ్లమ్మ చదివి చెప్పినట్టుంది, పావుగంట తర్వాత గొంతు రికార్డు చేసి పంపింది. వచ్చీరాని తెలుగు, కానీ ప్రశ్న మాత్రం సూటిగా ఉంది.

"నీకెట్ల తెలుసు తాతా? అప్పటికి నువ్వు పుట్టనే లేదంట కదా?"